మిస్త్రీ చేతిలోని ఇల్మ్: కార్బొరేటర్ నుంచి కంప్యూటర్ దాకా



మన ఖాందాన్‌లలో వెతికితే ఒక మోటార్ మిస్త్రీ తేలని ఖాందాన్ తక్కువ. చాచానో, మామూనో, ఖాలా కొడుకో ఎవరో ఒకరుంటారు. ఎన్నిసార్లు కడిగినా గోళ్ల సందుల్లో పోని నల్లటి గ్రీజు. ఈద్ రోజు తెల్ల కుర్తా తొడుక్కుని ఈద్‌గాహ్‌లో నిలబడ్డా చేతులు చూసి వాళ్ల పేషా చెప్పేయొచ్చు. మనం నవాబుల గురించి, షాయర్ల గురించి, ఆలిమ్‌ల గురించి చాలా రాసుకున్నాం. ఈ చేతుల గురించి రాసుకున్నది తక్కువ. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర, తెలుగులో తారీఖు అంటే తేదీ. ఈ వ్యాసంలో రెండూ ఉంటాయి.

ఇంజన్ దిమాగ్ ఎక్కడుంది?

పెట్రోల్ ఇంజన్ నడవడానికి కావాల్సినవి మూడే: హవా, పెట్రోల్, చింగారీ. అయితే మూడూ సరైన పాళ్లలో, సరైన లమ్హాలో అందాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి దాదాపు పదిహేను పాళ్ల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువైతే నల్లపొగ వస్తుంది, తక్కువైతే ఇంజన్ వేడెక్కి దగ్గుతుంది. ఇక చింగారీ సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 చింగారీలు పడాలి. ప్రతి ఒక్కటీ దాని వంతు వచ్చినప్పుడే పడాలి.

ఈ హిసాబ్ అంతా ఎవరు చూసుకుంటారు? మోటారు తారీఖ్ ఒక రకంగా ఈ సవాల్‌కి జవాబ్ మారుతూ వచ్చిన కథే.

మొదట్లో ఆ దిమాగ్ డ్రైవర్ చేతిలోనే ఉండేది. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో స్టీరింగ్ కింద రెండు లీవర్లు ఉండేవి. ఎడమది చింగారీ పడే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరపడానికి, కుడిది వేగానికి. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసేముందు ఎడమ లీవర్‌ని సరైన చోట పెట్టడం మర్చిపోతే హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరిచేసేది. డ్రైవర్ అంటే నడిపేవాడే కాదు, సగం మిస్త్రీ కూడా.

తర్వాత ఆ పని యంత్రం లోపలికి వెళ్లింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిల్, కాంటాక్ట్ పాయింట్లతో చేసిన ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. దాని ఉసూల్ మన అంబాసిడర్ దాకా అలాగే నడిచింది. డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న బరువులు, రెండు కమానీలు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని చింగారీని కాస్త ముందుకు జరుపుతాయి. పక్కనే రేకు డబ్బీలో ఒక పల్చటి డయాఫ్రం ఉంటుంది. కార్బొరేటర్ నుంచి వచ్చే సన్న గొట్టం దాన్ని లాగుతుంది, ఇంజన్ మీద ఎంత బరువుందో దానివల్లే తెలుస్తుంది. అంటే రెండు కమానీలూ ఒక డయాఫ్రం కలిసి హిసాబ్ చేసేవి. కంప్యూటర్ అనే మాట మన గ్యారేజీలకి చేరకముందే అక్కడ కంప్యూటర్ ఉంది. దాన్ని పేచ్‌కస్‌తో విప్పొచ్చు.

తేలే గిన్నె

పెట్రోల్ వైపు తారీఖ్ ఇంకా పాతది. జర్మనీలో విల్హెల్మ్ మేబాక్ 1893లో పెట్రోల్‌ని సన్నగా చిమ్మే కార్బొరేటర్ చేశాడు. అందులో కీలకం ఫ్లోట్, అంటే తేలే గిన్నె. చిన్న తొట్టిలో పెట్రోల్ పెరిగితే ఫ్లోట్ పైకి లేచి సూది వాల్వ్‌ని మూసేస్తుంది, తగ్గితే ఫ్లోట్ దిగి వాల్వ్ తెరుచుకుంటుంది. తొట్టిలో మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటేనే జెట్ లోంచి వచ్చే పెట్రోల్ లెక్క తప్పదు.

ఇక్కడ మనవాళ్ల పేర్లు రెండు చెప్పాలి. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములుండేవారు: ముహమ్మద్, అహ్మద్, హసన్. ఖలీఫా మామూన్ నీడలో పెరిగినవాళ్లు. వాళ్ల కితాబుల్ హియల్‌లో వంద దాకా యంత్రాలున్నాయి, వాటిలో ఫ్లోట్‌తో తమంతట తాము మూసుకుని తెరుచుకునే వాల్వులూ ఉన్నాయి. ఆ తర్వాత దియార్‌బకర్‌లో అర్తుకీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఇస్మాయిల్ అల్ జజరీ. ఆయన 1206లో పూర్తిచేసిన కితాబులో ఒక పెద్ద నీటి గడియారం ఉంది. దాన్ని నడిపే నీటి ధార ఎప్పుడూ ఒకే జోరుతో రావాలని ఒక తొట్టి పెట్టాడు. తొట్టిలో ఫ్లోట్, ఫ్లోట్ పైన శంఖాకారపు వాల్వ్. పనిచేసే తీరులో అది కార్బొరేటర్ తొట్టే.

ఇది చదివి "కార్బొరేటర్ మనమే కనిపెట్టాం" అని వాట్సాప్‌లో పంపకండి, దయచేసి. ఫ్లోట్ వాడిన నీటి గడియారాలు బనూ మూసాకి వెయ్యేళ్ల ముందే అలెగ్జాండ్రియాలో ఉన్నాయి. అల్ జజరీ తన గడియారానికి ఆర్కిమెడీస్ పేరు చెప్పి మరీ రుణం ఒప్పుకున్నాడు. మేబాక్ అరబీ కితాబు ముందు పెట్టుకుని పని చేశాడని అనడానికి ఆధారమూ లేదు. ఇల్మ్‌కి ఒక్కరే మాలిక్ ఉండరు.

అల్ జజరీ నుంచి మనం తీసుకోవాల్సింది ఫఖ్ర్ కాదు, ఆయన రాసిన తరీఖా. ఆయన స్వయంగా చేతులు పెట్టి పనిచేసిన కారీగర్. ఏ రేకు ఎంత మందం, ఏ ముక్క దేనికి ఎలా అతకాలి, వాల్వ్ కారకుండా ఎలా నూరాలి, అంతా చదివినవాడు మళ్లీ చేసుకోగలిగేట్టు రాశాడు. అందుకే 1976లో లండన్‌లో ఇస్లామీ ప్రపంచ ఉత్సవం జరిగినప్పుడు అక్కడి సైన్స్ మ్యూజియం ఆ గడియారాన్ని మళ్లీ కట్టగలిగింది. 770 ఏళ్ల తర్వాత! ఉస్తాద్ పోయాడు, ఉస్తాద్ మాట మిగిలింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

దక్కన్‌కి మోటారు వచ్చాక

హైదరాబాద్‌లో మోటారు ముందు షాహీ షౌక్‌గా వచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ దానికి గవాహ్. ఆమ్ ఆద్మీ దగ్గరికి మోటారు చేరింది బస్సు రూపంలో. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఈనాటి ఆర్టీసీ మూలాలు అక్కడున్నాయి. బస్సు ఉన్నచోట దాన్ని విప్పి బిగించేవాడు ఉండాలి. ఉస్తాద్ దగ్గర శాగిర్ద్ చేరడం, ముందు పానాలు అందించడం, తర్వాత పెట్రోల్‌తో సామాను కడగడం, ఏళ్ల తర్వాత ఇంజన్ మీద చెయ్యి వెయ్యడం. మన వీధుల కార్ఖానాల్లో మోటారు పని నేర్చుకున్న మదర్సా ఇదే.

ఆ పనితో పాటు జబాన్ కూడా నడిచింది. ఉర్దూ ముక్క రాని తెలుగు మెకానిక్ కూడా పానా అనే అంటాడు. పేచ్‌కస్, రేగ్‌మాల్, కమానీ, మిస్త్రీ... ఇవి తెలుగు గ్యారేజీ మాటలే అయిపోయాయి. ఏ అకాడమీ చేయని పని గ్రీజు చేతులు చేశాయి.

ఆ మదర్సాకి అసలు కితాబు అంబాసిడర్. హిందుస్తాన్ మోటార్స్ దాన్ని ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి తీసుకుని, 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారీ మొదలుపెట్టింది. 1489 సి.సి. ఇంజన్ ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. 1961లో మదరాసులో మొదలైన లూకాస్-టీవీఎస్ వంటి కంపెనీలు డిస్ట్రిబ్యూటర్లు, కాయిళ్లు ఇక్కడే చేయడంతో సామాను ప్రతి ఊళ్లో దొరికేది. ముప్పై ఏళ్లు అదే ఇంజన్ అయితే ఒక తరం నేర్చుకున్నది రెండో తరానికీ తిండి పెడుతుంది.

ఒక ఓవరాలింగ్ ఎలా జరిగేది

బయటివాళ్లు దీన్ని "విప్పి కడిగి బిగించడం" అనుకుంటారు. అందులో ఎంత ఇల్మ్ ఉందో చూడండి.

ముందు బ్యాటరీ తీగ తీసేస్తారు. తర్వాత ప్లగ్ వైర్లు. ఈ ఇంజన్‌లో చింగారీ పడే వరస 1-3-4-2, వైర్లు తారుమారైతే బండి స్టార్ట్ అవ్వదు, లేదా ఫట్‌మని ఎదురు కొడుతుంది. అందుకే క్యాప్ విప్పేముందే ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెడతారు. డిస్ట్రిబ్యూటర్ బయటికి లాగేముందు రోటర్ ఎటు చూస్తోందో ఒక గీత, బాడీ ఎక్కడ కూర్చుందో ఇంకో గీత. అది బయట ఉన్నంతసేపూ ఇంజన్‌ని ఎవరూ తిప్పకూడదు. శాగిర్ద్ తిన్న మొదటి మొట్టికాయ చాలాసార్లు ఈ తప్పుకే.

పాయింట్లు మాడి ఒకవైపు గుంట, ఒకవైపు బొడిపె వస్తే చదును చేస్తారు, మరీ పాడైతే మారుస్తారు. కానీ ఉస్తాద్ అక్కడితో ఆగడు. పాయింట్లు ఎందుకు మాడాయి? కండెన్సర్ చచ్చిపోయి ఉంటే కొత్త పాయింట్లు కూడా కొద్దిరోజుల్లోనే మాడతాయి. పాయింట్ల మధ్య సందు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ లేనిచోట దళసరి కాగితం మడతతో చూసుకున్న చేతులూ ఉన్నాయి. డయాఫ్రం బాగుందో లేదో చూడ్డానికి గొట్టం నోటితో పీల్చి, నాలుక అడ్డం పెట్టి ఆపుతారు. లోపలి ప్లేటు జరిగి అక్కడే నిలబడితే ఖైరియత్, వెనక్కి జారిపోతే డయాఫ్రం చిరిగినట్టు.

కార్బొరేటర్ విప్పాక జెట్లని హవాతోనే ఊదాలి, తీగ దూర్చకూడదు. రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా పెట్రోల్ తాగుడు పెరుగుతుంది. ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లోపల చప్పుడైతే చిల్లు పడి పెట్రోల్ దూరినట్టు. చిల్లు ఎక్కడో తెలియాలంటే వేడినీళ్లలో ముంచాలి, బుడగలు వచ్చినచోటే చిల్లు. టంకం పెట్టొచ్చు, కానీ టంకం ఎక్కువైతే ఫ్లోట్ బరువెక్కి ఆలస్యంగా లేస్తుంది, తొట్టిలో మట్టం పెరిగి నల్లపొగ మొదలవుతుంది. అల్ జజరీ కూడా తలపట్టుకున్న మసలా ఇదే: తేలేది ఎంత తేలిగ్గా ఉండాలి?

బిగించాక టైమింగ్. మెషీన్ లేకపోతే ఒక చిన్న బల్బు చాలు. డిస్ట్రిబ్యూటర్ పక్క తీగకీ బాడీకీ మధ్య బల్బు కలిపి, పుల్లీ మీద గుర్తు కలిపి, తాళం తిప్పి, డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పుతారు. పాయింట్లు విడిన లమ్హాలో బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించెయ్యి, అంతే. ఆఖర్న చిన్న పేచ్‌లు రెండు తిప్పుతూ ఇంజన్ చప్పుడు వింటూ ఐడ్లింగ్ పెట్టడం. ఇది కళ్లతో చేసే పని కాదు, కాన్‌తో చేసే పని.

ఇవన్నీ ఏ సర్టిఫికెట్ లేకుండా, చాలామంది అలిఫ్ బే కూడా రాకుండా చేశారు.

హుకుం మారింది

ఆ జమానా అంతా బంగారం అని రాయలేను. పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్లు. మిస్త్రీలు ఆ పెట్రోల్‌తోనే చేతులు కడుక్కున్నారు, గొట్టం నోట్లో పెట్టి లాగారు. దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం 2000 ఫిబ్రవరికి గానీ రాలేదు. సీసం ఒంట్లో చేరితే నరాలకీ పిల్లల దిమాగ్‌కీ జహర్. బండి పొగ పీల్చినవాళ్లలో మన బస్తీల పిల్లలే ముందున్నారు. కార్బొరేటర్ ఎంత బాగా సెట్ చేసినా ప్రతి లమ్హాకీ తగ్గ కొలతతో పెట్రోల్ ఇవ్వలేదు. అందుకే అది పోవాల్సి వచ్చింది.

పోవడం బయటి దేశాల్లో ముందే మొదలైంది. 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ని ఫోక్స్‌వాగన్ కార్లలో పెట్టింది. 1970లో అమెరికా గాలి కాలుష్యం మీద కఠినమైన కానూన్ చేసింది. 1976లో వోల్వో కారులో లాంబ్డా సెన్సర్ వచ్చింది. పొగగొట్టంలో కూర్చుని మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచి, పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా అని కంప్యూటర్‌కి ఖబర్ ఇస్తుంది. ఉస్తాద్ కాన్ చేసే పని ఒక సెన్సర్ చేయడం మొదలుపెట్టింది, అదీ నిద్ర లేకుండా.

మన దేశంలో 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800 కూడా కార్బొరేటర్ బండే. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీ కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు యూరో ప్రమాణాలు తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది మారుతి 800 కూడా ఇంజెక్షన్‌తో వచ్చింది. 2010లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4, 2017లో దేశమంతా. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6తో కొత్త మోటార్‌సైకిళ్ల నుంచి కూడా కార్బొరేటర్ దాదాపు సెలవు తీసుకుంది.

డ్రైవర్ చేతిలోంచి కమానీల్లోకి వెళ్లిన దిమాగ్ ఇప్పుడు సీలు వేసిన డబ్బాలోకి వెళ్లింది. ఆ డబ్బాని పేచ్‌కస్ విప్పలేదు. దాంతో మాట్లాడాలంటే స్కానర్ కావాలి, సాఫ్ట్‌వేర్ కావాలి, పాస్‌వర్డ్ కావాలి.

రోజీ ఎవరిది?

2006లో సచార్ కమిటీ ముస్లింల పనుల లెక్క తీసినప్పుడు బీడీ, బట్టలు కుట్టడం వంటి వాటితో పాటు మోటారు బండ్ల రిపేర్‌లోనూ మన వాటా ఎక్కువని తేలింది. ఇంజన్ కంట్రోల్ మారడమంటే వేరేవాళ్లకి టెక్నాలజీ వార్త, మనకి ఇంటి పొయ్యి వార్త. ఏ పనిలో మనం ఎక్కువ ఉన్నామో ఆ పని తలుపుకే తాళం పడింది.

2014 సంవత్సరం చూడండి. మే నెలలో ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జుర్మానా వేసింది. ఇల్జామ్ ఏమిటంటే, బయటి గ్యారేజీలకి స్పేర్ పార్టులూ, తప్పు పట్టే పరికరాలూ, రిపేర్ మాన్యువళ్లూ అందకుండా చేశారని. తర్వాత అప్పీళ్లు నడిచాయి, జుర్మానా తగ్గింది. కానీ బండి కొన్నవాడికి తనకి నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు ఉందన్న మాట కాగితం మీదికి ఎక్కింది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ "రిపేర్ హక్కు" మీద కమిటీ వేసింది, అందులో మోటారు వాహనాలూ ఉన్నాయి. ఆ హక్కు చదువుకున్న వినియోగదారుడిది మాత్రమే కాదు. ఆటోనగర్‌లో షట్టర్ ఎత్తుకుని కూర్చున్న మిస్త్రీది కూడా.

ఇంకో సంగతి. స్కానర్ వచ్చాక పాత ఇల్మ్ బేకార్ అయిందని మన పిల్లలు అనుకుంటున్నారు. స్కానర్ "పెట్రోల్ తక్కువవుతోంది" అని కోడ్ చూపిస్తుంది, ఎందుకు తక్కువవుతోందో చెప్పదు. సెన్సర్ పాడైందా, ఇంజెక్టర్‌లో కచ్‌రా అడ్డం పడిందా, లేక ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగ హవా దూరుతోందా? కోడ్ చూసి సెన్సర్ మార్చేసేవాడు కస్టమర్ జేబు ఖాళీ చేస్తాడు. చెవి పెట్టి ఆ సన్నటి "స్‌స్" శబ్దం పట్టేవాడు చిన్న గొట్టం మార్చి పంపిస్తాడు. హవా, పెట్రోల్, చింగారీ. ఉసూల్ మారలేదు, కొలిచే సామాను మారింది. పాత ఉస్తాద్ కాన్, కొత్త పిల్లవాడి స్కానర్ ఒకే కార్ఖానాలో కలిస్తే ఆ షట్టర్ మూతపడదు. ఐ.టి.ఐ. చదివిన భాంజాకి ఉస్తాద్ మామూ పక్కన కూర్చోవడం నామోషీ కాకూడదు. మామూకి భాంజా దగ్గర స్కానర్ నేర్చుకోవడమూ నామోషీ కాకూడదు.

మన దగ్గర లేనిది అల్ జజరీ చేసిన పని. మన ఉస్తాద్‌లు రాయలేదు. రాసే ఫుర్సత్ లేదు, కొందరికి రాతే రాదు. ఏ ఫ్లోట్‌కి ఎంత టంకం, ఏ దగ్గుకి ఏ మందు, అన్నీ వేళ్లలో పెట్టుకుని ఒక్కొక్కరే ఖబ్రస్తాన్‌కి చేరుతున్నారు.

అందుకని ఒక గుజారిష్. ఈ జుమ్మా నమాజు తర్వాత మీ ఇంటి మిస్త్రీ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి అడగండి: "చాచా, మీ ఉస్తాద్ ఎవరు? ఏ ఊళ్లో నేర్చుకున్నారు? మొదట విప్పింది ఏ బండి?" మీరు తెలుగులో రాసుకోండి, ఉర్దూలో రాసుకోండి, ఎలాగైనా రాసుకోండి. ఆయన మొదట్లో సిగ్గుపడి "అరే, ఇందులో రాయడానికేముంది బేటా" అంటారు. లేచి రాకండి. ఛాయ్ తెప్పించి మళ్లీ అడగండి.